చిప్పు కవచమును కరగించు ఇంటి ప్రయోగములు – ఒక విమర్శ

గత సంవత్సరము ఒక సాయంకాలము, ప్రయోగశాల మూయు వేళ, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు నా వద్దకు వచ్చి, "సార్, కొంచెం నైట్రిక్ యాసిడ్ కావాలండి. పది మిల్లీలీటర్లు చాలు" అని అడిగెను. ఎందుకని ప్రశ్నింపగా జేబులోనుండి నల్లని చిప్పు నొకదానిని తీసి చూపెను. పాడైపోయిన రేడియోనుండి ఊడదీసినదట. "పైన నలుపు కరిగిస్తే లోపల ఉన్నదంతా కనబడుతుందట సార్. ఇంట్లోనే చేసుకోవచ్చని రాశారు" అనెను. ఆమ్లము ఈయనని చెప్పితిని. అతడు మారుమాట లేక వెడలిపోయెను.

కాని ఆ ముఖము నాకు చాల దినములు జ్ఞాపకముండెను. ఏలయనగా అతని కోరిక తప్పు కాదు. మనము నల్లబల్లపై ఒక దీర్ఘచతురస్రము గీచి, దానికి ఇరువైపుల నాలుగేసి గీతలు తగిలించి, "ఇదియే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్" అని చెప్పి పాఠము ముగింతుము. లోపల ఏమున్నదో చూడవలెనని కోరిన పిల్లవాడు పాఠమును సరిగా విన్నవాడే. తప్పు ఎచ్చట నున్నదో తెలిసికొనుటకై ఇట్టి ప్రయోగములను ఇంట చేసినవారు వ్రాసిన వృత్తాంతములను నేను వరుసగా చదివితిని. వాని గుణదోషములను ఉపాధ్యాయుల ముందును విద్యార్థుల ముందును ఉంచుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ వృత్తాంతములకు ఒక సామాన్య రూపము ఏర్పడియున్నది. మొదట నల్లని చిప్పు బొమ్మ. తరువాత "ఆమ్లములో వేసి వేడిచేసితిమి" అను ఒక్క వాక్యము. చివర రంగురంగుల సిలికాన్ పలక ఛాయాచిత్రము. మొదటి బొమ్మకును చివరి బొమ్మకును నడుమ జరిగినదే రసాయనశాస్త్రము. అదియే ఈ వ్రాతలలో లోపించుచున్నది. ఏ ప్రశ్నకు సమాధానముగా చిప్పును విప్పిరో చెప్పరు. ఎన్ని చిప్పులు పాడైనవో చెప్పరు. పొగ ఎటు పోయినదో, మిగిలిన ద్రవము నేమి చేసిరో చెప్పరు. ఇవి లేని వ్రాత ముచ్చటగా ఉండవచ్చునే గాని ప్రయోగ నివేదిక కానేరదు.

కవచములో ఏమున్నది?

మనము చిప్పు అని పిలుచు నల్లని వస్తువులో అసలు చిప్పు చాల చిన్నది. అది కొన్ని మిల్లీమీటర్ల సిలికాన్ పలక. దానిని లోహపు చట్రముపై అతికించి, సుమారు 25 మైక్రోమీటర్ల మందము గల తీగలతో చట్రపు కాళ్లకు కలిపి, అంతయు ఎపాక్సీ మిశ్రమములో పోతపోయుదురు. మన తలవెంట్రుక ఈ తీగకంటె రెండుమూడు రెట్లు లావుండును. ఆ మిశ్రమములో ఎపాక్సీ పాలు తక్కువ. బరువులో నూటికి 70 మొదలు 90 వంతుల వరకు సిలికా పొడియే, అనగా ఇసుకలోని పదార్థమే. నలుపు రంగు కొద్దిపాటి కార్బను మసి వలన వచ్చినది.

కాబట్టి "ఆమ్లము ప్లాస్టిక్కును కరగించును" అను మాట సగమే నిజము. సిలికా నత్రికామ్లములో గాని గంధకికామ్లములో గాని కరగదు. ఆమ్లము విరుగగొట్టునది ఎపాక్సీని మాత్రమే. గోడలోని మట్టి వర్షమునకు కొట్టుకొనిపోగా రాళ్లు జారిపడినట్లు, జిగురు పోగా సిలికా రేణువులు రాలిపడును. ఎపాక్సీ వేడికి కరగి కారిపోవు జాతి కాదు. దాని అణువులు అడ్డుబంధములతో వలవలె అల్లుకొనియుండును. ఆ వలను తెంపుటకు బలమైన ఆక్సీకరణి కావలెను. వేడిచేసిన సాంద్ర గంధకికామ్లమును గాని, పొగలు గ్రక్కు నత్రికామ్లమును గాని వాడుటకు కారణమిదియే. ఈ మాత్రము చెప్పినచో చదువరికి ఒక పాలిమరు పాఠము దక్కియుండెడిది.

ఏ నత్రికామ్లము?

ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. చాల వృత్తాంతములలో "నత్రికామ్లము" అని మాత్రమే యుండును. మన ప్రయోగశాల సీసాలోని సాంద్ర నత్రికామ్లములో బరువున నూటికి 68 వంతులు ఆమ్లము, తక్కినది నీరు. చిప్పులలోని దోషములను వెదకు పారిశ్రామిక ప్రయోగశాలలు వాడునది 90 వంతులకు మించిన, పొగలు గ్రక్కు నత్రికామ్లము. ఈ రెండింటికి గల భేదము బలములో మాత్రమే కాదు, ప్రవర్తనలో కూడ.

సిలికాన్ పలకపై తీగలు అతుకు స్థలములు సామాన్యముగా అల్యూమినియముతో చేయబడియుండును. నీరు దాదాపు లేని నత్రికామ్లములో అల్యూమినియముపై పలుచని గట్టి ఆక్సైడు పొర నిలిచి లోహమును కాపాడును. దీనినే పాసివిటీ అందురు. సాంద్ర నత్రికామ్లమును అల్యూమినియము పాత్రలలో రవాణా చేయుదురని మన పాఠ్యపుస్తకములు చెప్పును. విద్యార్థులు ఆ వాక్యమును పరీక్షకు వల్లించి మరచిపోవుదురు. దానికి ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరుకుట అరుదు. నీరు చేరినకొలది ఆ రక్షణ సడలును. రాగికి నత్రికామ్లములో అట్టి రక్షణ లేదు. కావున సామాన్యపు సీసా ఆమ్లములో చిప్పును వేసిన పిల్లవానికి కనబడునది ఛాయాచిత్రములోని మెరుపు కాదు. చట్రము రాగిదైనచో కాళ్లు కరగి ఆకుపచ్చబడిన ద్రవము, గోధుమరంగు పొగ, అడుగున నల్లని ముద్ద మాత్రమే.

"పిమ్మట ఆసిటోనుతో కడుగవలెను" అను వాక్యము కూడ అట్టిదే. నీటితో కడిగినచో పలకపై మిగిలిన ఆమ్లము పలుచబడి అల్యూమినియమును తినివేయును, అందుచేత ఆసిటోను. ఈ కారణమును చెప్పనందువలన చదువరి రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేయును. ఆసిటోను దొరకలేదని నీరు వాడును. దాని వలన చిప్పు చెడును. లేదా మిగిలిన ఆమ్లమును ఆసిటోనును ఒకే సీసాలో పోసి మూత బిగించును. దాని వలన ప్రాణమే పోవచ్చును. నత్రికామ్లము ఇట్టి సేంద్రియ ద్రవములతో తీవ్రముగా చర్య జరిపి వాయువులను పుట్టించును. మూసిన సీసా ప్రేలును. "ఎందువలన" అను ఒక్క మాటను వదలివేసిన ఫలితము ఇంత దూరము పోవును.

మరియొక సంగతి. పూర్వము చిప్పులలోని తీగలు విశేషముగా బంగారువి. బంగారము నత్రికామ్లమునకు లొంగదు. కావున కవచము పోయినను తీగలు నిలిచి, చిప్పు పనిచేయుచునే యుండుట సాధ్యమాయెను. బంగారము ధర పెరిగిన తరువాత చాల చిప్పులలో రాగి తీగలు వచ్చినవి. పాత పద్ధతి వానికి పనికిరాదు. పలకను చూచుటయే ఉద్దేశమైనచో తీగలు పోయినను నష్టము లేదు. పనిచేయుచున్న చిప్పును పరీక్షించుట ఉద్దేశమైనచో తీగ పోయినంతనే ప్రయోగము ముగిసినట్లే. ఈ రెండు ఉద్దేశములను వేరుపరచి చెప్పిన ఇంటి వృత్తాంతములు నాకు కొద్దిగానే కనబడినవి.

"కిటికీ తెరచియుంచితిమి"

జాగ్రత్తలను గూర్చి ఈ వ్రాతలలో తరచుగా కనబడు వాక్యమిది. గోధుమరంగు పొగలోని నైట్రోజన్ డయాక్సైడు స్వభావము తెలిసినవారు ఈ వాక్యము వ్రాయరు. దానిని పీల్చినవానికి మొదట కొద్ది దగ్గు, గొంతులో మంట మాత్రమే యుండవచ్చును. అవి తగ్గి, అంతా బాగున్నదనుకొని నిద్రించిన తరువాత, కొన్ని గంటలకో మరునాటికో ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. "నేను చేసితిని, నాకేమియు కాలేదు" అను సాక్ష్యము ఇట్టి విషమును గూర్చి చెల్లదు. పరిశ్రమలో ఈ పనిని పొగను లాగివేయు గూటిలోనో, మూసిన యంత్రములోనో, తగిన చేతితొడుగులతో శిక్షణ పొందినవారు చేయుదురు. వంటింటి కిటికీ ఆ గూటికి బదులు కాజాలదు.

ఆమ్లము వద్దనుకొన్న కొందరు పైన్ చెట్టు జిగురునుండి వచ్చు రోజిన్‌ను 300 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా కాచి, అందులో చిప్పును ఉడికింతురు. టంకము వేయువారు వాడు పదార్థమే గనుక ఇది నిరపాయమని వారు వ్రాయుదురు. రోజిన్ పొగ ఉబ్బసమును తెచ్చునని వృత్తివ్యాధుల వైద్యులకు చిరకాలముగా తెలిసిన విషయము. పైగా ఆ వేడిలో అది అంటుకొనుటకు సిద్ధముగా నుండును. ఇక చిప్పును మంటలో కాల్చు పద్ధతి అన్నిటికంటె హీనము. పాతకాలపు ఎపాక్సీ మిశ్రమములలో మంటలు వ్యాపింపకుండుటకై బ్రోమిను సమ్మేళనములను, ఆంటిమొనీ ఆక్సైడును కలుపుచుండిరి. వానిని పీల్చుటకు సాహసింపదగిన ప్రశ్న పాఠశాలలో లేదు.

మెచ్చదగిన ఉదాహరణములు

ఇట్లు చెప్పుటచే చిప్పులను విప్పుట వ్యర్థమని నా అభిప్రాయము కాదు. 1975లో వెలువడిన 6502 అను మైక్రోప్రాసెసరును 2009 వేసవిలో గ్రెగ్ జేమ్స్, బ్రయన్ సిల్వర్మన్, బారీ సిల్వర్మన్ అను మువ్వురు విప్పి, పలక ఉపరితలమును, దాని అడుగు పొరను ఛాయాచిత్రములు తీసిరి. వారు అచ్చట ఆగలేదు. ఆ చిత్రములనుండి ట్రాన్సిస్టరులను, వానిని కలుపు తీగలను ఒక్కొక్కటిగా గుర్తించి, వానినే కంప్యూటరులో నమూనాగా కట్టిరి. ఆ నమూనా అసలు చిప్పువలె ప్రోగ్రాములను నడపెను. చిత్రములో ఒక తీగను తప్పుగా చదివియుండినచో నమూనా తప్పు జవాబు ఈయవలసినదే. తమ పఠనమును తామే పరీక్షించుకొను ఏర్పాటు ఆ పనిలో ఉన్నది.

రెండవది. కంప్యూటరు యు.ఎస్.బి. ద్వారమునుండి వచ్చు సంకేతములను మార్చు ఎఫ్.టి.232ఆర్.ఎల్. అను చిప్పునకు నకిలీలు బజారులోనికి వచ్చినవి. 2014లో జెప్టోబార్స్ అను పేరుతో చిప్పుల చిత్రములను ప్రకటించువారు అసలుదానిని, నకిలీదానిని రెండింటిని విప్పి ప్రక్కప్రక్కన చూపిరి. కవచముపై ముద్ర ఒక్కటే. లోపలి పలకలు వేరు వేరు. నకిలీదానిలో నున్నది అసలు చిప్పువలె నటించునట్లు ప్రోగ్రాము చేయబడిన మరియొక మైక్రోకంట్రోలరు. ఇచ్చట గమనింపవలసినది, నకిలీని మాత్రమే విప్పినచో ఏమియు ఋజువు కాకుండెడిది. పోల్చుటకు అసలుదానిని కూడ విప్పిరి. మనము ప్రయోగములలో ప్రమాణ నమూనా ఉండవలెనని చెప్పునది ఇందుకే.

ఈ రెండింటిలోను ప్రశ్న ముందు పుట్టినది, కవచము తరువాత పోయినది. సామాన్య వృత్తాంతములలో ఈ క్రమము తలక్రిందుగా నున్నది.

రంగులు చెప్పునది ఎంత?

చివరి ఛాయాచిత్రములోని రంగులను గూర్చి కూడ ఒక మాట. ఊదా, ఆకుపచ్చ, గులాబి వన్నెలను చూచి చాలమంది అవి వేరు వేరు పదార్థముల రంగులని భ్రమింతురు. వానిలో అధికభాగము వర్షము కురిసిన రోడ్డుపై నూనె పొరలో మనము చూచునట్టి రంగులే. పలకపైనున్న పారదర్శకమైన పలుచని పొరలలో కాంతి పైతలమునుండియు అడుగుతలమునుండియు పరావర్తనము చెంది వ్యతికరణము పొందుటచే అవి కలుగును. రంగు మారినదనగా చాలవరకు పొర మందము మారినదని అర్థము.

కాంతితో చూచు సూక్ష్మదర్శినికి ఒక హద్దు కలదు. మైక్రోమీటరులో అయిదవ వంతుకంటె చిన్నవానిని అది వేరుచేసి చూపలేదు. 6502 కాలపు గీతలు కొన్ని మైక్రోమీటర్ల వెడల్పు గలవి గనుక స్పష్టముగా కనబడును. నేటి ఫోనులోని ప్రాసెసరులో ట్రాన్సిస్టరులు ఈ హద్దుకు చాల లోపల ఉన్నవి. వానిపై లోహపు పొరలు పదికి మించి యుండును. దానిని ఎంత కష్టపడి విప్పినను కనబడునది పై పొర మాత్రమే. ప్రమాదము పాత చిప్పుకును క్రొత్త చిప్పుకును ఒక్కటే. లభించు జ్ఞానము మాత్రము ఒక్కటి కాదు.

చట్టము ఏమనుచున్నది?

చిప్పును విప్పి చూచుట నేరమని కొందరు ఉపాధ్యాయులు భయపడుదురు. మన దేశపు 2000వ సంవత్సరపు సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల లేఔట్ డిజైన్ చట్టము శాస్త్రీయ పరిశీలనకు, పరిశోధనకు, బోధనకు చిప్పు విన్యాసమును ప్రతిచేయుటను ఉల్లంఘనగా ఎంచదు. అడ్డు వచ్చునది చిప్పు కాదు, ఆమ్లము. ఆమ్లదాడుల కారణముగా 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము, 18 ఏండ్లు నిండనివారికి ఆమ్లము అమ్మరాదు. కొనువాని వివరములు పుస్తకములో వ్రాయవలెను. విద్యాసంస్థలు తమ ఆమ్లపు వాడకమునకు లెక్క ఉంచవలెను. అందుకు ఒక వ్యక్తి బాధ్యుడై యుండవలెను. ప్రయోగశాలనుండి వెలుపలికి పోవువారిని తనిఖీ చేయవలెను. నా విద్యార్థి అడిగిన పది మిల్లీలీటర్లకు ఆ పుస్తకములో స్థానము లేదు.

ఆమ్లము లేకుండ చూచుట

మరి ఆ పిల్లవాని కోరిక మాట యేమి? కాదనుటతో మన పని తీరదు. కవచము విప్పనక్కరలేని చిప్పులు మన చుట్టును కలవు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రామ్ అను స్మృతి చిప్పునకు పైన క్వార్ట్‌జు గాజు కిటికీ ఉండును. అతినీలలోహిత కాంతితో అందలి సమాచారమును చెరపుటకై ఆ ఏర్పాటు. మామూలు గాజు ఆ కాంతిని అడ్డగించును గనుక క్వార్ట్‌జు. పాత కంప్యూటరు బోర్డులు తుక్కుగా అమ్ము దుకాణములలో ఇట్టి చిప్పులు ఇప్పటికిని దొరకవచ్చును. కిటికీపై అంటించిన చీటీని తీసినచో పలకయు, చుట్టునున్న సన్నని తీగలును కంటి ముందుండును.

ఇంకను సులభమైనది పారదర్శకమైన కవచము గల ఎల్.ఇ.డి. దీపము. మంచి భూతద్దముతో చూచినచో చిన్న గిన్నెలో కూర్చున్న పలకయు, దానికి వచ్చు తీగయు కనబడును. ఒక ముఖ్యమైన సూచన: పాఠశాల సూక్ష్మదర్శినిలో వెలుతురు క్రిందినుండి వచ్చును. చిప్పు గుండా కాంతి పోదు. కాబట్టి టార్చిలైటును ప్రక్కనుండి ఏటవాలుగా వేయవలెను. ఈ సంగతి తెలియక చాలమంది సూక్ష్మదర్శిని చెడిపోయినదనుకొందురు.

లోహపు టోపీ గల పాత ట్రాన్సిస్టరులను ఉపాధ్యాయుడే కంటి అద్దములు ధరించి, బిగింపులో పట్టి, హాక్సా బ్లేడుతో కోసి చూపవచ్చును. ఒక్క నిషేధము మరువరాదు. పింగాణీవంటి తెల్లని భాగములు గల శక్తివంతమైన రేడియో ట్రాన్సిస్టరులను కోయరాదు, అరగదీయరాదు, పగులగొట్టరాదు. వానిలో కొన్ని బెరీలియము ఆక్సైడుతో చేసినవి; దాని దుమ్ము ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము.

నేను ఆ విద్యార్థిని వారము దినముల తరువాత పిలిపించి కిటికీ గల చిప్పును, భూతద్దమును, టార్చిలైటును ఇచ్చితిని. "ఏమి చూడాలనుకుంటున్నావో ముందు ఒక వాక్యం రాసి, తర్వాత చూడు" అని చెప్పితిని. అతడు చాలసేపు ఆలోచించి, "మెమరీ ఉన్న చోటు, లేని చోటు చూడగానే తేడా తెలుస్తుందా?" అని వ్రాసెను. తెలిసినది. పలకలో అధికభాగము నేతచీర గళ్లవలె ఒకే క్రమములో నుండెను. అంచులలో మాత్రమే ఆ క్రమము చెదరియుండెను. గళ్లున్న చోటనే స్మృతి యున్నదని అతడే ఊహించి, అంచులలోని భాగము ఆ గళ్లను వెదకి అందించు వలయమై యుండునా యని నన్ను అడిగెను. అవునని చెప్పితిని.

అతడు నాకిచ్చిన నివేదిక రెండు పుటలు. అందులో ఫోనుతో తీసిన ఛాయాచిత్రములు మూడు. రెండు మసకగా వచ్చినవి. అవి ఏల మసకబారినవో, టార్చిని ఏ వైపునకు జరిపిన తరువాత మూడవది తేటపడినదో సగము పుట వ్రాసియుండెను. నేను చదివిన ఇంటి వృత్తాంతములలో చాల వానికి లేని భాగము అదియే. ఆ సగము పుటను తరగతిలో చదివి వినిపించితిని.